మమ్మల్ని గేటు దగ్గరే ఆపకండి: ఉమ్మడి అనంతపురం జిల్లా పరిశ్రమల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కర్మాగారాలు, సౌర, పవన విద్యుత్ కేంద్రాలు, గోదాములు, ప్రైవేటు ఆస్పత్రులు, కళాశాలల యాజమాన్యాలకు, ఆయా సంస్థల హెచ్‌ఆర్ అధికారులకు, వారికి మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టర్లకు,

విషయం: మాజీ సైనికులకు, త్వరలో తిరిగి రానున్న అగ్నివీరులకు వారి పనితనానికి తగిన ఉద్యోగాలు ఇవ్వడం, చేరిన తర్వాత నిలదొక్కుకోవడానికి తోడ్పడడం గురించి.

ఆర్యులారా,

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా కురవని ఈ సీమలో, వేరుశనగ పంట మీదే ఆధారపడిన ఎన్నో ఇళ్లు మీ సంస్థలు వచ్చాకే నెల జీతం చూశాయి. పెనుకొండ వైపు కార్ల పరిశ్రమ, తాడిపత్రి వైపు సిమెంటు, ఎన్‌పీ కుంటలో సోలార్ పార్కు, హిందూపురం దగ్గర తూమకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు లేకపోతే బెంగళూరు బస్సులు ఇంకా కిక్కిరిసి ఉండేవి. అందుకు కృతజ్ఞతలు చెప్పి నేరుగా విషయానికి వస్తాను.

నేను భారత సైన్యంలో యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో వాహనాల మెకానిక్‌గా పనిచేసి, హవల్దారుగా పదవీ విరమణ పొంది, అనంతపురంలో ఉంటున్నాను. నాలాంటి కొందరం మాజీ సైనికులం కలిసి, ఎవరికి ఏ పని వచ్చో, ఎక్కడ ఎన్నేళ్లు చేశారో వివరిస్తూ ఈ రెండు జిల్లాల్లోని పలు సంస్థలకు ఒక విన్నపం పంపాము. ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీ కూడా ఇచ్చి రసీదు తీసుకున్నాము. కొన్నాళ్లకు అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది గానీ, ఏం పరిష్కరించారో మాకు ఇప్పటికీ తెలియదు. సంస్థల్లో ఒక్కటి మాత్రం జవాబు రాసింది. తమ ప్రాంగణంలో ఇప్పటికే ఎందరో మాజీ సైనికులు పనిచేస్తున్నారని, కాబట్టి మా విన్నపంపై వేరుగా చేయవలసింది ఏమీ లేదని ఆ జవాబు సారాంశం. విచారించగా తేలిందేమంటే, వాళ్లందరూ సెక్యూరిటీ కాంట్రాక్టరు మనుషులే. ఆ సంస్థ జీతాల పట్టీలో వారిలో ఒక్కరి పేరూ లేదు. మర్యాదగా రాసిన ఆ జవాబు చూసిన తర్వాతే, ఈ సంగతి పదిమందికీ తెలిసేలా రాయాలని నిశ్చయించుకున్నాము.

ముందుగా ఒక అపోహ తొలగాలి. మాజీ సైనికుడు అనగానే మనవళ్లను ఆడించుకునే వయసు మనిషిని ఊహించుకుంటున్నారు. సిపాయిగా చేరినవాడు సాధారణంగా పదిహేను నుంచి ఇరవై ఏళ్ల సర్వీసు చేసి, ముప్ఫై అయిదు, నలభై ఏళ్ల నడుమ బయటికి వస్తాడు. సైన్యం ఎప్పుడూ యువకులతో నిండి ఉండాలని ప్రభుత్వం ఎంచుకున్న పద్ధతి ఇది. దేశం మొత్తం మీద త్రివిధ దళాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది ఇలా తిరిగి వస్తున్నారు. అప్పటికి పిల్లలు హైస్కూల్లో ఉంటారు, ఇంటి అప్పు సగం కూడా తీరి ఉండదు, చెల్లెలి పెళ్లో తల్లి వైద్యమో ముందుంటుంది, చేతికి వచ్చే పింఛను చివరి జీతంలో సగం. మీ సంస్థల్లో ఇరవై ఏళ్లు పనిచేయగల వయసూ ఒంటి సత్తువా ఉన్న మనిషి అతను.

ఇక మేము చూసిన, అనుభవించిన విషయాలను వరుసగా మనవి చేస్తాను.

1. సైన్యంలో పనిచేశాడంటే తుపాకీ పట్టుకుని కాపలా కాశాడని మాత్రమే మీ సంస్థలు అనుకుంటున్నాయి. ఒక పటాలం ఒక్క రోజు నడవాలన్నా వంటవాడు, డ్రైవరు, మెకానిక్, వెల్డరు, ఎలక్ట్రీషియన్, గుమాస్తా, స్టోర్‌కీపరు, వైర్‌లెస్ ఆపరేటరు, నర్సింగ్ అసిస్టెంటు కావాలి. ఈఎంఈ వాళ్లు లారీ ఇంజిన్ మొదలుకొని రాడార్ వరకు మరమ్మతు చేస్తారు. సిగ్నల్స్ వాళ్లు కొండ కొమ్ముల మీద టవర్లు నిలబెట్టి, కేబుళ్లు పరిచి, తెగిన లైనును అర్ధరాత్రి మంచులో వెతికి కలుపుతారు. ఇంజినీర్స్ రెజిమెంట్ల వాళ్లు డోజర్లు, క్రేన్లు, ఎక్స్‌కవేటర్లు నడుపుతారు, వాగుల మీద వంతెనలు వేస్తారు. ఆర్డ్‌నెన్స్ వాళ్లు వేల రకాల విడిభాగాలను లెక్క తప్పకుండా నిల్వచేసి, ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపుతారు. వీటిలో ఏ పని మీ ఫ్యాక్టరీల్లో లేదు?

మా బృందంలో సిగ్నల్స్‌లో నాయక్‌గా చేసిన ఒకాయన ఉన్నారు. లడఖ్‌లో టవరెక్కి యాంటెన్నాలు బిగించిన మనిషి. ఇవాళ మన జిల్లాలోనే ఒక గాలిమరల కేంద్రం గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే వాహనాల నంబర్లు రిజిస్టరులో రాస్తున్నారు. అదే కేంద్రంలో టర్బైన్ ఎక్కి పనిచేసే సాంకేతిక సిబ్బందిని మరో రాష్ట్రం నుంచి రప్పించి, బసా భోజనమూ ఇచ్చి పెట్టుకున్నారు. ఎత్తులో పనిచేయడం అలవాటైన మనిషి ఒకడు గేటులోనే ఉన్నాడని లోపలివాళ్లకు తెలియదు. తెలుసుకునే ఏర్పాటు కూడా లేదు, ఎందుకంటే ఆయన బయోడేటా హెచ్‌ఆర్ విభాగానికి ఎప్పుడూ చేరలేదు. కాంట్రాక్టరు దగ్గరున్న ఫారంలో 'ఎక్స్-సర్వీస్‌మెన్' అన్న ఒక్క గడిలో టిక్కు పెట్టి ఊరుకున్నారు. ఆర్డ్‌నెన్స్‌లో స్టోర్లు చూసిన ఇంకొకాయన సిమెంటు లారీల తూకం చీటీలు తనిఖీ చేస్తున్నారు. ఆ పక్కనే ఉన్న విడిభాగాల గోదాములో ఏ వస్తువు ఏ అరలో ఉందో తెలియక మెయింటెనెన్స్ వాళ్లు గంటల తరబడి వెతుక్కోవడం ఆయన రోజూ చూస్తూనే ఉన్నారు.

కాపలా పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇష్టపడి ఆ పనిలో చేరినవారు నిష్ఠగా చేస్తున్నారు, చేయాలి కూడా. కానీ మరో దారి చూపకుండా అందరినీ అక్కడే నిలబెట్టడం వల్ల మాకు జీతం, మీకు పనిమంతుడు, రెండూ తగ్గుతున్నాయి.

2. ఆ గేటు ఉద్యోగం కూడా సక్రమంగా ఉండడం లేదు. చాలాచోట్ల పన్నెండు గంటల డ్యూటీ, నెలకు రెండు సెలవులు దొరికితే గొప్ప. వారానికి 48 గంటలన్న పరిమితి, అంతకు మించితే రెట్టింపు వేతనమన్న నియమం 1948 ఫ్యాక్టరీల చట్టం నాటివి. వాటిని మీ యంత్రాల దగ్గర పనిచేసేవారికి పాటిస్తున్న సంస్థలే గేటు దగ్గర పనిచేసేవారి విషయంలో కాంట్రాక్టరును చూపిస్తున్నాయి. పీఎఫ్ పట్టుకుంటారు, జమ ఎంత అయిందో తెలియదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త పేరుతో కొత్త ఖాతా, అదే గేటు, అదే కుర్చీ, సర్వీసు మాత్రం మళ్లీ ఒకటో రోజు నుంచి. గ్రాట్యుటీ అన్న మాట ఆ గేటు దగ్గర ఎవరూ ఎత్తరు.

కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే చెల్లించవలసిన బాధ్యత ప్రధాన యజమానిదేనని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. తర్వాత వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఆ సూత్రం అలాగే ఉంది. 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం ప్రకారం గార్డుల నియామకంలో మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చు. సూపర్‌వైజర్ల నియామకంలో మాత్రం, సైన్యంలో గానీ పోలీసు తదితర బలగాల్లో గానీ మూడేళ్లకు తక్కువ కాకుండా పనిచేసినవారికి ప్రాధాన్యం ఇచ్చి తీరాలి. మీ గేటు దగ్గర సూపర్‌వైజరు ఎవరో, ఆయన అనుభవమేమిటో ఒక్కసారి కనుక్కోండి. సుబేదారుగా వందమందిని నడిపించిన మనిషి గార్డుగా, కాంట్రాక్టరు బంధువు సూపర్‌వైజరుగా ఉన్న చోట్లు మాకు తెలుసు.

3. "మీకు పింఛను వస్తోంది కదా!" జీతం దగ్గరకు వచ్చేసరికి ప్రతి ఇంటర్వ్యూలో ఎదురయ్యే మాట ఇది. పక్కనున్న అభ్యర్థికి ఇరవై అయిదు వేలు అనుకున్న పనికి మాకు పదహారు, పదిహేడు వేలు చెబుతారు. తేడా పింఛనుతో పూడిందని లెక్క. పింఛను పాత సేవకు వస్తున్నది. కొత్త పనికి విలువ కట్టేటప్పుడు దాన్ని తీసివేయడం ఏ న్యాయం? కేంద్ర ప్రభుత్వమే అధికారి స్థాయికి దిగువన పనిచేసిన మాజీ సైనికులను తిరిగి ఉద్యోగంలోకి తీసుకుని జీతం నిర్ణయించేటప్పుడు వారి పింఛనును పూర్తిగా పక్కన పెడుతుంది. పింఛను ఇస్తున్న ప్రభుత్వమే లెక్కలోకి తీసుకోని డబ్బును, ఒక్క పైసా ఇవ్వని సంస్థలు లెక్కలోకి తీసుకుంటున్నాయి. తండ్రి ఆస్తి ఉన్నవాడికో, అద్దె ఇళ్లు ఉన్నవాడికో జీతం తగ్గిస్తున్నారా అంటే అదీ లేదు.

దీనివల్ల మరో నష్టమూ ఉంది. మాకు తక్కువ ఇచ్చి సరిపెట్టవచ్చని తెలిసిన కాంట్రాక్టరు, అదే ధరకు మిగతా కార్మికులనూ దించుతాడు. ఊళ్లో మావల్ల కూలి తగ్గిందని మాట పడేదీ మేమే.

4. చదువు కాగితాల దగ్గర తలుపు మూసుకుపోతోంది. పదో తరగతి, ఇంటర్మీడియట్ తర్వాత సైన్యంలో చేరినవాడి దగ్గర ఐటీఐ సర్టిఫికెట్టు, డిప్లొమా ఉండవు. అతని చదువంతా డిశ్చార్జి బుక్‌లో ఉంటుంది: ఏ ట్రేడ్, ఏ తరగతి, ఏయే కోర్సులు, ఎన్నేళ్లు, నడవడిక ఎలాంటిది అన్నీ రాసి, ముద్ర వేసి ఇస్తారు. మెట్రిక్యులేషన్ చదివి పదిహేనేళ్లకు తక్కువ కాకుండా సర్వీసు చేసిన మాజీ సైనికుడిని, డిగ్రీ అర్హతగా ఉన్న గ్రూప్ సి ఉద్యోగాలకు అర్హుడిగా కేంద్ర ప్రభుత్వం 1986 నుంచీ పరిగణిస్తోంది. మీ సంస్థల ఆన్‌లైన్ దరఖాస్తులో ఆ మాట రాయడానికి గడి కూడా ఉండదు. ఐటీఐ, డిప్లొమా, బీటెక్ అన్న మూడింటిలో ఒకటి నొక్కితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది. వయసు ముప్ఫై దాటితే అక్కడా ఆగిపోతుంది. పదిహేడేళ్లు ట్యాంకుల ఇంజిన్లు విప్పి బిగించినవాడిని ఒక మనిషి చూసి కాదనలేదు. దరఖాస్తు ఫారమే వెనక్కి పంపింది.

కేంద్ర ఉద్యోగాల్లో వయసు లెక్కించేటప్పుడు సైనిక సేవా కాలాన్ని తీసివేసి, పైన మూడేళ్ల సడలింపు కూడా ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వ రంగ సంస్థల్లో, జాతీయ బ్యాంకుల్లో అదే స్థాయి పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. ఆ కోటాలైనా పూర్తిగా నిండడం లేదన్నది పార్లమెంటులోనే పలుమార్లు వచ్చిన మాట, కానీ అది ప్రభుత్వాన్ని అడగవలసిన సంగతి. దాని గురించి మరో ఉత్తరం రాస్తాము. ప్రైవేటు సంస్థలకు అలాంటి కోటా ఏదీ లేదని మాకు తెలుసు. మేము అడుగుతున్నది దరఖాస్తు చదవమని.

5. ఉద్యోగం దొరికినవారికి ఆసరా లేదు. ఈ విషయంలో తప్పంతా మీదేనని అనను. సైన్యంలో ఎవరి పని ఏమిటో, ఎవరు ఎవరికి చెప్పాలో రాసిపెట్టి ఉంటుంది. ఫ్యాక్టరీలో సగం పని మాటల్లో, వాట్సాప్‌లో నడుస్తుంది. మావాళ్లలో కొందరు జీతం పెంచమని అడగరు, పని కష్టంగా ఉందని చెప్పరు, కంప్యూటరులో ఎక్సెల్ తెరవడం రాదని ఒప్పుకోవడానికి సిగ్గుపడతారు. ఒకరోజు మనసు విరిగితే మరునాడు రావడం మానేస్తారు. తనకంటే పదేళ్లు చిన్నవాడైన ఇంజినీరు ఏకవచనంతో పిలిస్తే ఎలా తీసుకోవాలో తెలియక లోలోపల కుమిలేవాళ్లను చూశాను. అయితే అలా మానేసిన ఒక్కరిని చూపి 'మిలిటరీ వాళ్లకు కోపం ఎక్కువ, వాళ్లతో వేగలేం' అని ముద్ర వేయడం, ఆ తర్వాత వచ్చే పదిమంది దరఖాస్తులను ఆ ముద్ర చూసి పక్కన పడేయడం సరైనది కాదు. కోపం మనుషులందరికీ ఉంటుంది. పదిహేనేళ్ల పాటు కోపాన్ని అదుపులో పెట్టుకుని ఆయుధం పట్టినవాడికి అది కాస్త తక్కువే ఉండాలి.

గాయపడి, లేదా ఎత్తైన ప్రాంతాల్లో ఆరోగ్యం చెడి, తక్కువ వైద్య కేటగిరీతో బయటికి వచ్చినవారి పరిస్థితి ఇంకా కష్టం. ఫిరంగి దళంలో చేసినవారికి వినికిడి తగ్గి ఉండవచ్చు. మోకాలు దెబ్బతిన్నవారు బరువులు ఎత్తలేకపోవచ్చు. కూర్చుని చేసే క్వాలిటీ తనిఖీ, టూల్ రూం, డిస్పాచ్ పనులను వారు చక్కగా చేయగలరు. కంపెనీ డాక్టరు ఫారంలో 'అన్‌ఫిట్' అని ఒక్క మాట రాయడంతో అన్ని పనులకూ పనికిరానట్టే అవుతున్నారు.

6. ఇప్పటిదాకా చెప్పినది పాత కథ. ఇకపై రాబోయేది దీనికంటే పెద్దది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద చేరినవారి సర్వీసు నాలుగేళ్లు. వారిలో గరిష్ఠంగా నూటికి ఇరవై అయిదు మంది మాత్రమే సైన్యంలో కొనసాగుతారు. మిగతావారు ఒకేసారి చేతికిచ్చే సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికి వస్తారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. మొదటి ఏడాది ప్రకటించిన నియామకాలే 46 వేలు. ఆ మొదటి బృందాలకు నాలుగేళ్లు నిండేది 2026 చివర్లో, 2027 మొదట్లో. మన రాయలసీమ పల్లెల్లో పదో తరగతి పూర్తికాగానే తెల్లవారుజామున రోడ్డు మీద పరుగు తీసే కుర్రాళ్లను మీరూ మీ కార్లలో వెళ్తూ చూసి ఉంటారు. వాళ్లే వీళ్లు.

పథకం ప్రకటించి దేశమంతా ఆందోళనలు రేగినప్పుడు, ఆనంద్ మహీంద్రా మొదలుకొని పలువురు పారిశ్రామికవేత్తలు అగ్నివీరులకు తమ సంస్థల్లో అవకాశాలు ఉంటాయని బహిరంగంగా చెప్పారు. మీ పరిశ్రమల సంఘాల వేదికల మీద కూడా అలాంటి మాటలు వినిపించాయి. ఆ మాటలు నమ్మి కొడుకులను పంపిన తల్లిదండ్రులు ఉన్నారు. 2025 మేలో నియంత్రణ రేఖ వద్ద పాకిస్తాన్ కాల్పుల్లో అమరుడైన అగ్నివీరుడు మురళీ నాయక్ గోరంట్ల మండలం కళ్లితండావాడు. మీ పరిశ్రమలున్న జిల్లావాడు. ఆ రోజు జాతీయ జెండాలతో రోడ్డంతా నిండిపోయింది. అతనితో పాటు 2022లో చేరిన కుర్రాళ్లు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో మీ గేటు ముందుకు వచ్చి నిలబడినప్పుడు ఏం చెబుతారో ఇప్పుడే ఆలోచించుకోవాలి. వారికి గార్డు ఉద్యోగం చూపితే, వాళ్ల తమ్ముళ్లు రోడ్డు మీద పరుగు మానేస్తారు.

7. వీటన్నిటి భారం చివరికి ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. పదిహేడేళ్లు ఇంటికి దూరంగా ఉన్నవాడు తిరిగొచ్చాక, ఇక్కడ పని దొరకక బెంగళూరు అపార్టుమెంట్లలో కాపలాకు పోతున్నాడు. పెళ్లయిన నాటి నుంచీ పిల్లలను, అత్తమామలను, పొలాన్ని ఒంటిచేత్తో చూసుకున్న ఇల్లాలికి ఎదురుచూపులు తప్పడం లేదు. తండ్రి వచ్చాడని సంబరపడ్డ పిల్లలకు అతను మళ్లీ పండుగకు వచ్చే మనిషే అవుతున్నాడు. ఊళ్లో ఉండిపోయినవారు పదవీ విరమణ డబ్బును బోరు తవ్వించడానికో, ట్రాక్టరుకో, తెలిసినవారు చెప్పిన వ్యాపారానికో పెట్టి, ఏడాది రెండేళ్లలో పోగొట్టుకుంటున్నారు. ఈ జిల్లాలో బోరు మీద పెట్టిన డబ్బు సంగతి మీకు వేరే చెప్పనవసరం లేదు. స్థానికులకు పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలివ్వాలని రాష్ట్ర శాసనసభ 2019లో చట్టం చేసింది. ఊరు విడిచి దేశ సరిహద్దుకు వెళ్లినందువల్ల మేము స్థానికులం కాకుండా పోలేదు. మా ఓటు, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం అన్నీ ఇక్కడే ఉన్నాయి.

ఇక డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న రావచ్చు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి. ఆ ఖర్చుకు అర్హమైన పనుల జాబితా ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఉంది. అందులో మాజీ సైనికులు, యుద్ధంలో భర్తను కోల్పోయిన స్త్రీలు, వారిపై ఆధారపడినవారి మేలు కోసం చేసే పనులు స్పష్టంగా ఉన్నాయి. బస్ షెల్టర్లకు, నీటి ట్యాంకులకు రంగులేసి మీ పేరు రాయించుకోవడం మంచిదే, ఊరికి పనికొస్తుంది. అదే నిధిలోంచి మావాళ్లకు మూడు నెలల శిక్షణ ఇప్పించడం కూడా చట్టం ఒప్పుకున్న పనే. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి విరాళమిచ్చి, జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవానికి శాలువాలు కప్పే సంస్థలు మన దగ్గర ఉన్నాయి. శాలువాలు ఇంట్లో చాలా ఉన్నాయి.

కాబట్టి మీ ముందు ఈ కోరికలు ఉంచుతున్నాము.

8. ప్రతి సంస్థ తన ప్రాంగణంలో కాంట్రాక్టర్ల కింద పనిచేస్తున్న మాజీ సైనికుల జాబితా తెప్పించుకుని, ఎవరు సైన్యంలో ఏ ట్రేడ్‌లో పనిచేశారో నమోదు చేయాలి. ఖాళీ వచ్చినప్పుడు బయట ప్రకటన ఇచ్చే ముందు ఆ జాబితా చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఇది మా మొదటి కోరిక, అన్నిటికంటే ముఖ్యమైనది కూడా.

9. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో సైనిక ట్రేడ్, సర్వీసు కాలం నమోదుకు చోటు కల్పించాలి. డిశ్చార్జి బుక్‌ను అనుభవ పత్రంగా, అర్హత పత్రంగా స్వీకరించాలి. అనుమానం ఉంటే పని చేయించి చూడండి. ఇంజిన్ విప్పమనండి, వెల్డింగ్ చేయమనండి, స్టోర్ లెక్క సరిచూడమనండి. పరీక్షకు మేము వెనకాడము. వయోపరిమితిలో సైనిక సేవా కాలాన్ని మినహాయించాలి.

10. జీతం నిర్ణయించేటప్పుడు పింఛను గురించి అడగకూడదు. ఒకే పనికి ఒకే జీతం ఉండాలి.

11. సెక్యూరిటీ కాంట్రాక్టుల్లో ఎనిమిది గంటల షిఫ్టు, పీఎఫ్, ఈఎస్ఐ జమ వివరాలు నెలనెలా కార్మికుడికి చూపడం, కాంట్రాక్టరు మారినా పాతవారి సర్వీసు కొనసాగడం షరతులుగా రాయించాలి. సూపర్‌వైజరు పోస్టుల్లో 2005 చట్టం చెప్పిన ప్రాధాన్యాన్ని పాటించాలి. టెండరులో అతి తక్కువ ధర చెప్పినవాడికే కాంట్రాక్టు ఇచ్చి, ఆ తర్వాత గార్డుకు జీతమెందుకు తక్కువగా ఉందని ఆశ్చర్యపోవడం మానాలి.

12. కొత్తగా చేరిన మాజీ సైనికుడికి మొదటి ఆరు నెలలూ తోడుగా ఉండడానికి, అదే సంస్థలో పనిచేస్తున్న ఒక అనుభవజ్ఞుడిని నియమించాలి. కంప్యూటరు, భద్రతా నియమాలు, యంత్రాల కొత్త పద్ధతులపై శిక్షణను సామాజిక బాధ్యత నిధుల నుంచి ఇప్పించాలి. తక్కువ వైద్య కేటగిరీ వారిని పనిని బట్టి పరీక్షించాలి. అమరుల భార్యలకు ఆఫీసు, క్యాంటీన్, డిస్పాచ్ విభాగాల్లో ముందు వరుస ఇవ్వాలి.

13. 2026 చివరి నుంచి వచ్చే అగ్నివీరుల కోసం ఒక్కో సంస్థ ఎన్ని అప్రెంటిస్, ట్రైనీ పోస్టులు కేటాయిస్తుందో ముందుగానే అంకెల్లో ప్రకటించాలి. 2022లో పరిశ్రమల పెద్దలు ఇచ్చిన మాట ఈ జిల్లాలో ఎన్ని ఉద్యోగాలుగా మారుతుందో ఆ కుర్రాళ్లు ఇంటికి రాకముందే తెలియాలి.

14. రెండు జిల్లాల కలెక్టర్లకు కూడా ఒక మనవి. పరిశ్రమల యాజమాన్యాలు, జిల్లా సైనిక సంక్షేమ అధికారులు, కార్మిక శాఖ, మాజీ సైనికుల ప్రతినిధులు ఒకే బల్ల దగ్గర కూర్చునే సమావేశాన్ని మూడు నెలలకోసారి ఏర్పాటు చేసి, ఎవరు ఎంతమందిని ఏ పనిలోకి తీసుకున్నారో ఆ సమావేశంలోనే చదివించాలి. గార్డుల లెక్కను, ఇతర ఉద్యోగాల లెక్కను విడివిడిగా చెప్పించాలి. రెండూ కలిపి ఒకే అంకెగా చెప్పడం వల్లే మాకు పైన చెప్పిన జవాబు వచ్చింది.

ఈ లేఖ అందిన నెల రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా, ప్రతిని మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము. 'వీలుకాదు' అన్నా ఫరవాలేదు, కారణం రాయండి. ఉమ్మడి జిల్లాలో పని కోసం చూస్తున్న మాజీ సైనికుల వివరాలను ట్రేడ్ వారీగా, మండలం వారీగా జాబితా చేసి ఉంచాము. మెకానిక్ కావాలన్నా, క్రేన్ ఆపరేటరు కావాలన్నా, స్టోర్‌కీపరు కావాలన్నా అడిగిన సంస్థకు ఆ వారంలోనే మనుషులను వారి డిశ్చార్జి బుక్‌లతో సహా పంపుతాము.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత హవల్దారు,
తోటి మాజీ సైనికుల తరఫున,
అనంతపురం.